దొంగచాటుగా తెచ్చిన కాగితం కోర్టులో చెల్లదా?

పోయిన నెల ఒక ప్రైవేటు స్కూలు టీచరు మా లా ఆఫీసుకు వచ్చారు. కుటుంబ న్యాయస్థానం ఆమెకు భరణం బాగా తగ్గించి ఇచ్చింది. హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు తీర్పును సరిచూడమనే దరఖాస్తు) వేయాలి. తీర్పు చదివితే కారణం కనిపించింది. అవతలి లాయరు ఆమె బ్యాంకు స్టేట్‌మెంటు దాఖలు చేశారు. దాన్ని ఆమె ఇవ్వలేదు, కోర్టు తెప్పించలేదు. జీతం కాక నెలనెలా మరో 28,000 రూపాయలు ఖాతాలో పడుతున్నట్టు అందులో ఉంది. తల్లి డయాలసిస్ కోసం తమ్ముడు పంపే డబ్బు అది. వచ్చింది వచ్చినట్టే ఆసుపత్రికి పోతుంది. ఆ మాట మాత్రం ఆమె సాక్ష్యంలో ఎక్కడా లేదు. అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాని గురించి అడిగితే, “నా అనుమతి లేకుండా తెచ్చారు, జవాబు చెప్పను” అన్నారు. అదే రికార్డయింది.

ఎందుకలా అన్నారమ్మా అని అడిగాను. “అలా తెచ్చింది చెల్లదట కదా మేడమ్, అందరూ అదే చెప్పారు” అన్నారు. ఈ ఒక్క మాట నమ్మి నష్టపోయినవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. అందుకే రాస్తున్నాను.

అపోహ: అక్రమంగా సంపాదించిన రికార్డును కోర్టు చూడదు.

వాస్తవం: చూస్తుంది. కాగితం ఎలా వచ్చిందన్నదాని కంటే, అది వివాదానికి సంబంధించిందా, నిజమైనదా అన్నదే మన కోర్టులు ముందు చూస్తాయి. రహస్యంగా రికార్డు చేసిన ఫోను సంభాషణను తీసుకోవచ్చని 1972లో మల్కానీ కేసులో, సోదా చట్టవిరుద్ధమైనా దొరికిన పత్రాలను వాడుకోవచ్చని 1973లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984లోని సెక్షన్ 14 ఇంకో అడుగు ముందుకు వేసింది. వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే, సాక్ష్య చట్టం ప్రకారం చెల్లని పత్రాన్ని కూడా జడ్జి తీసుకోవచ్చు.

భార్యకు తెలియకుండా ఆమె ఫోను మాటలు రికార్డు చేయడం చట్టవిరుద్ధమని, అవి సాక్ష్యంగా పనికిరావని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చిన మాట నిజమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పిన మాటా నిజమే. కానీ భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డయిన సంభాషణలను వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. గోప్యత హక్కు ఎక్కడికీ పోలేదు. అంతమాత్రాన కాగితం దానంతట అది ఫైలులోంచి ఊడిపోదు.

కాబట్టి చేయాల్సిన పనులు రెండు, రెండూ చేయాలి. ఒకటి, పత్రాన్ని మార్క్ చేసే (సాక్ష్యంగా నంబరు వేసే) క్షణంలోనే అభ్యంతరం చెప్పి రికార్డు చేయించాలి. రుజువు చేసిన పద్ధతి మీద అప్పుడు నోరు మెదపకపోతే తరువాత ఆ అభ్యంతరం పనికిరాదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. ఎలక్ట్రానిక్ రికార్డయితే, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద దాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ ఉందా, అందులో నిపుణుడు నింపాల్సిన భాగం కూడా ఉందా చూడాలి. రెండు, అభ్యంతరాన్ని వదులుకోకుండానే, అందులోని విషయానికి జవాబు చెప్పాలి. ఈ డబ్బు ఎవరిది, ఎందుకొచ్చింది, రసీదు ఎక్కడ? జవాబు లేని కాగితాన్ని కోర్టు నిజమనే అనుకుంటుంది. తప్పు కోర్టుది కాదు.

అపోహ: కోర్టు తీసుకుంది కాబట్టి తెచ్చినవాళ్ల తప్పు మాఫీ అయినట్టే.

వాస్తవం: కాదు. అది వేరే దారి. ఖాతా వివరాలు బయటికి ఇచ్చిన బ్యాంకు మీద ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. అనుమతి లేకుండా, దురుద్దేశంతోనో మోసంతోనో కంప్యూటర్‌లోంచి సమాచారం తీస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు. 5 కోట్ల రూపాయల వరకు నష్టపరిహారాన్ని అదే చట్టం సెక్షన్ 46 కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు కోరవచ్చు. ఇంకొకరు ఎవరికి, ఎప్పుడు ఫోను చేశారో చూపే కాల్ రికార్డుల సంగతి మరీ తీవ్రం. వాటిని కోర్టు ద్వారానో, అధికారం ఉన్న పోలీసు అధికారి ద్వారానో తప్ప మామూలు మనిషి తెప్పించుకోలేడు. వాటిని అమ్మిన ప్రైవేటు డిటెక్టివ్‌లు 2018లో ఠాణేలో అరెస్టయ్యారు.

అపోహ: జడ్జిగారికి చెబితే ఆ లాయరు సన్నదు (వకాల్తా చేసే అనుమతి) రద్దవుతుంది.

వాస్తవం: ఆ అధికారం బార్ కౌన్సిల్‌ది. అడ్వకేట్ల చట్టం, 1961 సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. మందలింపు నుంచి సస్పెన్షన్, జాబితా నుంచి తొలగింపు వరకు శిక్షలున్నాయి. అయితే రికార్డును లాయరే తెప్పించారని మీరు చూపగలగాలి. క్లయింటు తెచ్చి ఇచ్చింది దాఖలు చేశానంటే అక్కడే ఆగిపోతుంది. కోపంతో రాసిన ఫిర్యాదులు నిలబడవు.

అపోహ: వాళ్లు తెచ్చారు కదా, మనమూ అలాగే తెద్దాం.

వాస్తవం: వద్దు. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. అందులో దాచారనిపిస్తే బ్యాంకుకు సమన్లు పంపమని కోర్టునే అడగండి.

అపోహ: నా మానసిక వైద్యం కాగితాలు ఇక అందరూ చదువుతారు.

వాస్తవం: ఈ భయంతో రాత్రిళ్లు నిద్రపోని ఆడవాళ్లను, మగవాళ్లను కూడా చూశాను. భయపడకండి. కుటుంబ న్యాయస్థానాల చట్టం సెక్షన్ 11 ప్రకారం ఇద్దరిలో ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసే జరగాలి. జడ్జికి వేరే దారి లేదు. ఒక చిన్న దరఖాస్తు చాలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 23 ఆ రికార్డుల గోప్యతను మీ హక్కుగా గుర్తించింది.

టీచరు కేసులో ఆ స్టేట్‌మెంటుకు సర్టిఫైడ్ కాపీ తీయించాం. ప్రతి పేజీ కింది అంచున చీమల బారులాంటి అక్షరాల్లో ప్రింటు తీసిన తేదీ, సమయం, తీసిన ఉద్యోగి నంబరు ఉన్నాయి. ఏడాదిగా ఆ ఫైలు అటూ ఇటూ తిరిగినా ఎవరూ ఆ గీత చదవలేదు. దాని ఆధారంగా బ్యాంకుకు ఫిర్యాదు వెళ్లింది. రివిజన్‌లో, కేసును తిరిగి పంపి ఆమెకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వమని అడిగాం. డయాలసిస్ రసీదులు తెమ్మంటే మర్నాడే తెచ్చారు. రబ్బరు బ్యాండు వేసిన కట్ట, 146 ఉన్నాయి. మొదటి వాయిదా నాటికే అవి ఆమె బీరువాలో ఉన్నాయట.