సిద్ధబీజం గోడను కోసి చూస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

తొలి నేల మొక్కల గురించి ఎక్కడ మాట్లాడినా ఈ మూడు మాటలు ఎదురవుతుంటాయి. నా పనంతా ఆ మొక్కల సిద్ధబీజాల (స్పోర్‌ల, అంటే విత్తనాలకు బదులుగా అవి వదిలే సూక్ష్మ కణాల) గోడలతోనే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: శిలాజమంటే రాయే. సిద్ధబీజమూ రాయిగా మారిపోయి ఉంటుంది.

వాస్తవం: దాని గోడ స్పోరోపొలెనిన్ అనే సేంద్రియ పదార్థం. రాతిముక్కను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేస్తే ఇసుక, బంకమన్ను కరిగిపోయి సిద్ధబీజాలు మిగులుతాయి. గాజును సైతం తినేసే ఆమ్లమది, అందుకే ప్లాస్టిక్ పాత్రలే వాడతాం. 45 కోట్ల ఏళ్ల కిందట ఒక మొక్క తన బిడ్డకు కట్టిన గోడ, భూగర్భపు వేడికి కొంత మారినా, ఆ ఆమ్లాన్ని కూడా తట్టుకుంటుంది. ఈ సంగతి నాకు ఇప్పటికీ పాతబడలేదు.

అపోహ: పైరూపు చూస్తే ఏ మొక్కదో చెప్పేయవచ్చు.

వాస్తవం: ఆర్డోవిషియన్ (సుమారు 48.5 నుంచి 44.4 కోట్ల ఏళ్ల కిందటి) కాలపు సిద్ధబీజాలు చాలావరకు నున్నగా, నాలుగేసి లేదా రెండేసి అతుక్కుని ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో దాదాపు 30వ వంతే ఉంటుంది. మామూలు మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపించేవాటి గోడలు లోపల వేరువేరుగా ఉండొచ్చు. అందుకే వాటిని రెసిన్‌లో పొదిగి, వజ్రపు కత్తితో సుమారు 70 నానోమీటర్ల పొరలుగా కోస్తాం. అంటే వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టినప్పుడే గోడ అల్లిక బయటపడుతుంది. ఒమన్‌లో ఒక బోరు నుంచి తీసిన ఆర్డోవిషియన్ రాతిలో సిద్ధబీజాశయపు (సిద్ధబీజాలు తయారయ్యే సంచి) ముక్కలు, వాటిలో గుంపులుగా సిద్ధబీజాలు దొరికాయని 2003లో శిలాజ సిద్ధబీజాల పరిశోధకుడు చార్లెస్ వెల్‌మన్ బృందం ప్రకటించింది. గోడలో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న పలుచని రేకులను చూసే, ఆ మొక్కలు లివర్‌వర్ట్‌లకు (నాచులాంటి చిన్న, పూలు పూయని మొక్కలకు) దగ్గరివై ఉండొచ్చని వాళ్లు అన్నారు. కాండం, ఆకు ఏదీ దొరకని చోట చుట్టరికం గురించి అంతమాత్రం చెప్పగలగడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

అపోహ: రేకులు కనిపిస్తే అది లివర్‌వర్టే.

వాస్తవం: తొందరపడకూడదు. నేటి మొక్కల్లో కూడా చాలా కుటుంబాల్లో గోడ మొదట రేకులుగానే మొదలవుతుంది. తర్వాత స్పోరోపొలెనిన్ పేరుకుని ఆ గీతలు కప్పుకుపోతాయి. కాబట్టి లేత సిద్ధబీజాన్నీ ముదిరినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. భూగర్భపు వేడి కూడా పొరలను కలిపేస్తుంది. వేడి ఎక్కువయ్యేకొద్దీ గోడ రంగు ముదురుతుంది కాబట్టి లేత పసుపు రంగువి ఏరుకుని కోస్తాను, నల్లగా మాడినవాటి జోలికి పోను.