లాయర్ అవ్వాలంటే ఏ-లెవెల్‌లో లా వద్దనే సలహా ఎక్కడిది?

ఇంగ్లండ్‌లో పదహారేళ్లకి జీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటి పరీక్షలు) అయిపోగానే పిల్లలు ఏ-లెవెల్స్‌కి (మన ఇంటర్ లాంటి రెండేళ్ల చదువు) మామూలుగా మూడు సబ్జెక్టులు ఎంచుకోవాలి, అక్కడున్న మన తెలుగువాళ్ల ఇళ్లల్లో కూడా ఈ చర్చ నడుస్తుంది. లాయర్ అవుతానన్న పిల్లకి తరచూ వినపడే సలహా "లా మాత్రం తీసుకోకు, హిస్టరీ తీసుకో" అని.

దీని వెనక పాత అలవాటు ఉంది. 1753లో న్యాయశాస్త్ర పండితుడు బ్లాక్‌స్టోన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల మీద పెరిగిన ఆ దేశపు సొంత చట్టం) మీద లెక్చర్లు మొదలుపెట్టేదాకా అక్కడ చెప్పింది రోమన్ లా, చర్చి లా, అసలు పని మాత్రం సీనియర్ల దగ్గర ఉండి నేర్చుకోవాల్సిందే. ముందు వేరే ఏదైనా బాగా చదువుకో, లా తర్వాత వస్తుంది అనే ఆలోచన అలా పాతుకుపోయింది, పెద్ద జడ్జి లార్డ్ డెనింగ్ కూడా ముందు చదివింది లెక్కలే.

ఏ-లెవెల్స్ 1951లో వచ్చాయి. అందులో లా ఎక్కువగా పెరిగింది ప్రభుత్వ సిక్స్త్ ఫామ్ కాలేజీల్లో (పదహారు దాటిన పిల్లలకి), ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీల్లో (వృత్తి కోర్సులు కూడా ఉండేవి), ఫీజులు కట్టే ప్రైవేట్ స్కూళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 2000లో సిస్టమ్ మారి మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులు ట్రై చేసే వీలొచ్చాక కొత్తవాటికి చోటు దొరికింది. కానీ 2011లో రస్సెల్ గ్రూప్ అనే పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల బృందం ఇచ్చిన గైడ్‌లో, ఎక్కువ కోర్సులకి దారి తెరిచే సబ్జెక్టుల లిస్టులో లెక్కలు, సైన్సులు, హిస్టరీ, జాగ్రఫీ, ఇంగ్లిష్ లిటరేచర్, భాషలు ఉన్నాయి, లా లేదు. లిస్టులో లేకపోవడం అంటే పనికిరాదని కాదు, అయినా చాలామంది అలాగే అర్థం చేసుకున్నారు. 2019లో ఆ లిస్టు తీసేశారు, మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

నాకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే దెబ్బ తగిలేది ప్రభుత్వ కాలేజీలో ఇష్టపడి లా తీసుకున్న పిల్లలకే. 2017 నుంచి నడుస్తున్న సిలబస్ తేలికేం కాదు, ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు తీసుకుంటే క్రిమినల్ లా, టార్ట్ (ఒకరి తప్పు వల్ల జరిగిన నష్టానికి పరిహారం అడిగే చట్టం) తప్పనిసరి, వాటిపైన కాంట్రాక్ట్ గానీ హ్యూమన్ రైట్స్ గానీ. కొట్లాట, గాయాల కేసులకి వాళ్లు ఇప్పటికీ 1861 నాటి చట్టమే చదవాలి, మన దగ్గర 1860 నాటి ఐపీసీ 2024లోనే పోయింది కదా. జీసీఎస్‌ఈ లా కూడా గత దశాబ్దం సంస్కరణల్లో ఎత్తేశారు, కాబట్టి చాలామందికి చట్టం ఒక సబ్జెక్టుగా దొరికే మొదటి చోటు ఏ-లెవెలే.

లా డిగ్రీకి చాలా యూనివర్సిటీలు ఏ-లెవెల్ లా అడగవు, ఉంటే వద్దనవు, 2004లో మొదలైన ఎల్‌నాట్ అడ్మిషన్ టెస్ట్‌లో కూడా చూసేది చదివి అర్థం చేసుకోవడం, వాదించడం, చట్టం గురించి ముందే తెలియాల్సిన పనిలేదు.