థెస్సలోనికీలో ఏం తినాలి, ఏం తాగాలి: అపోహలు - వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే యాత్రిక బృందాలకు గ్రీసులో మార్గదర్శిగా ఉండడం నా వృత్తి. ఏథెన్స్, సాంటోరినీ చూసుకొని వెనుదిరిగేవారే ఎక్కువ కానీ, తిండి మీద మనసున్న వారిని మాత్రం ఉత్తరాన ఉన్న థెస్సలోనికీకి తప్పక రమ్మంటాను. 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టిన యూదుల వంటలు, 1912 వరకు సాగిన ఒట్టోమన్ పాలన అలవాట్లు, 1922 తరువాత ఆసియా మైనర్ (నేటి టర్కీ) నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల రుచులు ఈ ఊళ్ళో ఒకే బల్ల మీదికి చేరాయి. 2021లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో ఆహార విభాగం కింద చేరిన తొలి గ్రీకు నగరం కూడా ఇదే. ఇంత ఉన్నా, కొన్ని అపోహల వల్ల మనవాళ్ళు పెట్టెలో తెచ్చుకున్న పొట్లాలు విప్పుకొని హోటల్ గదిలోనే భోజనం ముగించడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: శాకాహారులు రొట్టె, సలాడ్‌తో సరిపెట్టుకోవాలి.

వాస్తవం: ఇది అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ కనుక కాస్త వివరంగా చెబుతాను. గ్రీకు ఆర్థడాక్స్ చర్చి పాటించే ఉపవాస దినాలన్నీ కలిపితే ఏడాదిలో దాదాపు సగం రోజులు అవుతాయి. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరాదు కాబట్టి, పప్పులు, కూరగాయలు, ఆలివ్ నూనెతోనే కడుపు నిండే వంటలు ఇక్కడ తరతరాలుగా రూపుదిద్దుకున్నాయి. టమాటా రసంలో కాల్చిన పెద్ద చిక్కుడు గింజలు (యిగాండెస్), మెత్తగా మెదిపి పైన ఉల్లిపాయ వేసి ఇచ్చే పసుపుపచ్చని పప్పు (ఫావా), నిప్పుల మీద కాల్చిన వంకాయతో చేసే మెలిత్జానోసలాతా, ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూర (హోర్తా), శనగల పులుసు (రెవీథియా) సాధారణ భోజనశాలల్లోనే దొరుకుతాయి. చివరన రవ్వ హల్వా వస్తే వదలకండి. ఒక పాలు నూనె, రెండు పాళ్ళు రవ్వ, మూడు పాళ్ళు పంచదార, నాలుగు పాళ్ళు నీళ్ళు అన్నది ఇక్కడి ఇళ్ళలో అందరికీ నోటికి వచ్చిన కొలత. తింటే మన రవ్వకేసరికి నెయ్యికి బదులు నూనె పోసినట్టు ఉంటుంది.

అయితే ఉపవాస వంట అన్నంత మాత్రాన శాకాహారం అనుకోకూడదు. ఉపవాసంలో చేపను చాలా రోజులు నిషేధించినా రొయ్యలు, కణవలు (స్క్విడ్), ఆక్టోపస్ తినవచ్చు. ద్రాక్షాకుల్లో చుట్టే దోల్మాదెస్, టమాటాలు, మిరపకాయల్లో కూరి వండే యెమిస్తా కొన్నిచోట్ల ఉత్త బియ్యంతోనూ, కొన్నిచోట్ల కైమాతోనూ చేస్తారు. పైన పోసే లేతపసుపు చారు అవ్‌గోలెమోనో అయితే అందులో గుడ్డు ఉంటుంది. ఫేటా చీజ్ గొర్రెపాలతో, లేదా అందులో 30 శాతానికి మించకుండా మేకపాలు కలిపి చేస్తారు. దాన్ని తోడు పెట్టడానికి సంప్రదాయంగా వాడేది జంతువుల కడుపు నుంచి తీసిన రెన్నెట్ కనుక, ఆ పట్టింపు ఉన్నవారు ముందే తెలుసుకోవాలి. అందుచేత ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, ‘హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ అవ్‌గో’, అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని విడివిడిగా చెప్పమని నా బృందంలోని వారికి నేర్పిస్తాను. రొయ్యల వంటివీ వద్దనుకుంటే ‘హోరిస్ థలసినా’ అని చేర్చాలి.

అపోహ: గ్రీకు వంటలు చప్పగా ఉంటాయి.

వాస్తవం: మసాలా తక్కువన్నది నిజమే, కానీ థెస్సలోనికీ కారానికి దూరమైన ఊరు కాదు. ఫేటా, టమాటా, పచ్చిమిరపకాయలు కలిపి మట్టిపాత్రలో కాల్చే బుయుర్దీ, కారపు చీజ్ ముద్ద తిరోకాఫ్తెరి రుచి చూసి చెప్పండి. కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప ‘బూకోవో’ అడిగితే బల్ల మీద పెడతారు.

అపోహ: సాయంత్రం ఏడింటికి ఖాళీగా ఉన్న భోజనశాలలో తిండి బాగుండదు.

వాస్తవం: ఆ వేళకు ఊరివాళ్ళు ఇంకా కాఫీ దగ్గరే ఉంటారు. ఇక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. ఆకలికి ఆగలేని వారికి ఉదయం నుంచే దారులున్నాయి: వీధుల్లో నువ్వులద్దిన గుండ్రటి కులూరి, కపానీ సంతలో ఆలివ్‌లు, 2022 చివర్లో మళ్ళీ తెరిచిన మోదియానో మార్కెట్టు. అన్నిటికంటే ముఖ్యంగా బుగాత్సా. నూనె రాసిన బల్ల మీద పిండిని గాలిలో విసిరి విసిరి కాగితం కంటే పలుచగా సాగదీసి, రవ్వతో చేసిన క్రీమ్ గానీ చీజ్ గానీ లోపల పెట్టి మడిచి కాలుస్తారు. వేడిగా ఉండగానే వెడల్పాటి కత్తితో టకటకా ముక్కలు కోసి, క్రీమ్‌దైతే పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి ఇస్తారు. అది చల్లారితే కరకర పోతుంది కనుక పొట్లం కట్టించుకోకుండా అక్కడే తినాలి.

అపోహ: చల్లని కాఫీ కొత్తగా వచ్చిన విదేశీ ఫ్యాషన్.

వాస్తవం: నురగతో ఇచ్చే చల్లని కాఫీ ‘ఫ్రాపే’ ఈ ఊళ్ళోనే పుట్టింది. 1957లో ఇక్కడి అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో నెస్లే ప్రతినిధి దిమిత్రిస్ వకోండియోస్ వేడినీళ్ళు దొరక్క ఇన్‌స్టంట్ కాఫీని చల్లనీళ్ళతో షేకర్‌లో గిలకొట్టాడు. పాత పద్ధతి గ్రీకు కాఫీ తాగదలిస్తే పంచదార ఎంతో ముందే చెప్పాలి, ఎందుకంటే పొడి, పంచదార కలిపే మరిగిస్తారు: ‘స్కేతో’ అంటే పంచదార లేకుండా, ‘మేత్రియో’ మధ్యస్థంగా, ‘గ్లికో’ తియ్యగా. మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, కలపకుండా తాగాలి.

అపోహ: ఊజో ఒక్క గుక్కలో తాగేయాలి.

వాస్తవం: సోంపు వాసన ఉండే గ్రీకు మద్యం ఊజోలో ఆల్కహాల్ కనీసం 37.5 శాతం ఉంటుంది. ద్రాక్ష పిప్పి నుంచి తీసే సిపురో కూడా ఘాటైనదే. వీటిని నీళ్ళో ఐసుముక్కలో కలుపుకొని, చిన్న చిన్న పళ్ళేల్లో వచ్చే మెజేలు తలా కొంచెం తింటూ, గంటల తరబడి మెల్లగా తాగుతారు. నీళ్ళు పోయగానే ఊజో పాలలా తెల్లబడితే కల్తీ అని కంగారుపడనక్కర్లేదు. సోంపు వాసననిచ్చే నూనె ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీటిలో కరగదు, ఆ తెలుపు అందుకే. మద్యం తాగనివారు కూడా ఈ బల్ల దగ్గర నిస్సంకోచంగా కూర్చోవచ్చు, మెజేలే అసలు విందు.

అపోహ: అడగకుండా పెట్టిన రొట్టెకు డబ్బు వేయడం మోసం.

వాస్తవం: అది ‘కువేర్’ పేరుతో మెనూలోనే ఉండే రుసుము, వద్దనుకుంటే పెట్టగానే చెప్పాలి. చేపకు కిలో లెక్కన ధర రాసి ఉంటే వండక ముందే తూకం వేయించండి. గడ్డకట్టించిన సరుకు వాడితే మెనూలో గుర్తు పెట్టాలన్నది నియమం, కాబట్టి పేరు పక్కన చుక్కగుర్తు కనిపిస్తే అదేమిటో అడగండి. మంచినీళ్ళకు సీసాలే కొననక్కర్లేదు, ఇక్కడి కుళాయి నీళ్ళు తాగవచ్చు. చివరన అడగకుండా వచ్చే మిఠాయి ముక్క మాత్రం సాధారణంగా భోజనశాల వారి మర్యాద, దానికి డబ్బు తీసుకోరు. రసీదు తప్పక తీసుకోండి: రసీదు ఇవ్వకపోతే వినియోగదారు డబ్బు చెల్లించనవసరం లేదని గ్రీకు భోజనశాలల్లో బోర్డు మీదే రాసి ఉంటుంది.