అటు తిరగాలంటే లేచి కూర్చోవాలా?

కడుపుతో ఉన్న కోడలికి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తల్లో ఇదొకటి: పడుకుని అటూ ఇటూ దొర్లకూడదు, లేచి కూర్చుని పక్క మారాలి, లేకపోతే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుంది. ఏడో నెల దాటిన మనిషి రాత్రికి ఎన్నిసార్లు పక్క మారుతుందో చూస్తే, ఈ నియమం ఎంత నిద్రను మింగుతుందో తెలుస్తుంది. పేగు చుట్టుకునేది తల్లి దొర్లడం వల్ల కాదు, ఉమ్మనీటిలో బిడ్డ కదలికల వల్ల. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు అలాగే పుడతారు, చాలావరకు ఏ హానీ లేకుండానే.

జాగ్రత్తపడవలసింది వెల్లకిలా పడుకోవడం గురించి. 28 వారాలు దాటాక బరువెక్కిన గర్భసంచి వెన్నెముక దగ్గరున్న పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, బిడ్డకు అందేదీ తగ్గుతుంది. అందుకే నిద్రకు ఒరిగేటప్పుడు పక్కకు తిరగాలి, ఎడమైనా కుడైనా సరే. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే వెల్లకిలా ఉన్నారా? కంగారు వద్దు, పక్కకు తిరిగి పడుకుంటే చాలు. మన నులక మంచంతోనే చిక్కు. నడుమ సాగిన మంచం మీద ఎటు ఒరిగినా గుంతలోకే జారతారు. పాదాల వైపు తాళ్లు బిగించాలి, లేదా నేల మీద బొంత పరుచుకోవాలి. మోకాళ్ల మధ్య, వీపు వెనక మడిచిన పాత చీరలు పెట్టుకుంటే నడుము నొప్పీ తగ్గుతుంది.

రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవడానికి మూత్రసంచి మీది ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. పగలంతా పత్తి చేనులో నిలబడితే కాళ్లలోకి దిగిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రపిండాలకు చేరుతుంది. సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పక్కకు ఒరిగితే ఆ పని కొంత ముందే అయిపోతుంది. మే నెల ఎండల్లో నీళ్లు మానేయడం మాత్రం తెలివితక్కువ పని.

ప్రొజెస్టరాన్ హార్మోను అన్నవాహిక కింది కండరాన్ని వదులు చేస్తుంది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం తిని వెంటనే నడుం వాలిస్తే ఛాతీలో మంట ఖాయం.

కాళ్లు గుంజుతూ కుదురుగా ఉండనివ్వకపోతే ఇనుము లోపం ఉందేమో చూడాలి. అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో ఇచ్చిన ఎర్ర మాత్రను టీతో మింగితే అందులోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు. రాత్రిపూట అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే మాత్రం అది కాలేయం ఇచ్చే హెచ్చరిక కావచ్చు, తెల్లారగానే డాక్టరుకు చూపించుకోవాలి.