ఎస్‌సీవీటీ సర్టిఫికెట్ చెల్తదా? ఐటీఐ చదువుపై అపోహలు – వాస్తవాలు

అపోహ: రాష్ట్ర వృత్తి శిక్షణ మండలి (ఎస్‌సీవీటీ) ఇచ్చే సర్టిఫికెట్ రైల్వేలో పనికిరాదు.

వాస్తవం: నర్సంపేట, పరకాల దిక్కు నుంచి వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే: "గీ సర్టిఫికెట్ రైల్వేల చెల్తదా సారూ?" అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ తీసి చదవండి. పదో తరగతితో పాటు ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) లేదా ఎస్‌సీవీటీ గుర్తింపున్న ఐటీఐ అనే ఉంటుంది. ఎన్‌సీవీటీ మాత్రమే అడిగే నోటిఫికేషన్లూ ఉన్నాయి, కాబట్టి దేనికదే చూసుకోవాలి.

అపోహ: కాలేజీకి గుర్తింపు ఉంటే అన్ని ట్రేడులకూ (ఫిట్టర్ లాంటి కోర్సులకు) ఉన్నట్టే.

వాస్తవం: పిల్లలు మునిగేది ఇక్కడే. అఫిలియేషన్ (గుర్తింపు) గంపగుత్తగా ఇవ్వరు. ట్రేడు, యూనిట్ (బ్యాచ్), షిఫ్టు వారీగా ఇస్తారు. ఫిట్టర్‌లో యూనిట్‌కు 20 సీట్లు. ఒక్క యూనిట్‌కే అనుమతి ఉన్నచోట 40 మందిని చేర్చుకుంటే సగం మందికి హాల్‌టికెట్ రాదు.

మండలి తరఫున తనిఖీకి వెళ్తే మేం గేటు మీది బోర్డు చూడం, లేత్ మిషన్ కిందికి వంగి చూస్తాం. పునాది బోల్టులు బిగించారా? కేబుల్ ప్యానెల్ దాకా వెళ్ళిందా? కరెంటు బిల్లులోని లోడు ఈ మిషన్లన్నిటికీ సరిపోతుందా? ఆ ఒక్కరోజు కోసం అద్దెకు తెచ్చి నిలబెట్టిన మిషన్ కింద కూలెంట్ (మిషన్‌ను చల్లబరిచే ద్రవం) మరక కూడా ఉండదు. ఫీజు కట్టేముందు మీరూ వర్క్‌షాప్‌లోకి వెళ్ళి చూడండి. వద్దన్నారంటే ఇక వేరే విచారణ అక్కర్లేదు.

అపోహ: సిలబస్, పరీక్షలు అన్నీ రాష్ట్రం చేతిలోనే.

వాస్తవం: కార్మికుల వృత్తి శిక్షణ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశం. ఎన్‌సీవీటీ ట్రేడుల సిలబస్, దేశవ్యాప్త ట్రేడ్ టెస్ట్ కేంద్రంలోని డీజీటీ (శిక్షణ డైరెక్టరేట్ జనరల్) చేతిలో ఉంటాయి. దాని పైన నియంత్రణకు 2018లో నోటిఫై చేసిన ఎన్‌సీవీఈటీ (జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి) ఉంది. అడ్మిషన్లు, ప్రభుత్వ ఐటీఐల సిబ్బంది, ప్రాక్టికల్స్ నిర్వహణ రాష్ట్రం చూస్తుంది.

అపోహ: మండలి ఉద్యోగం ఇప్పిస్తుంది.

వాస్తవం: ఇప్పించదు. జాబ్ మేళాలకు ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుంది.

అపోహ: అప్రెంటిస్‌గా (స్టైపెండ్ మీద పని నేర్చుకునే వాడిగా) తీసుకోవడం కంపెనీ దయ.

వాస్తవం: 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. స్టైపెండ్ ఆపితే ఎవరికి చెప్పాలన్న దగ్గరే తికమక. మడికొండలోని చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ అధికారులకు. కాజీపేట రైల్వే, భూపాలపల్లి గని, నాలుగు లేదా అంతకుమించి రాష్ట్రాల్లో నడిచే కంపెనీ అయితే కేంద్రానికి. తప్పు ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు ఫైళ్ళ కింద పడి ఉంటుంది. ఎక్కడ చేరినా మీ అప్రెంటిస్ కాంట్రాక్టు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో చూసుకుని, ఆ నంబరు మొదటి వారంలోనే అడిగి తీసుకోండి.