పిచర్ మొక్క కొమ్మకు వేళ్లు రావాలంటే

గులాబీ కొమ్మను కలబంద గుజ్జులో ముంచి నాటడం నెల్లూరు, ఒంగోలు మిద్దెతోటల్లో మామూలే. కొందరు తేనె రాస్తారు, కొందరు కొబ్బరినీళ్లలో నానబెడతారు. ఇప్పుడు నర్సరీల నుంచి తెచ్చుకున్న పిచర్ మొక్కలకూ, అంటే కూజాల్లో పురుగుల్ని పట్టి తినే నెపెంథిస్ మొక్కలకూ, ఇవే చిట్కాలు వాడుతున్నారు. గులాబీ ఓర్చుకున్నది ఈ మొక్క ఓర్చుకోదు. ఎందుకో తెలిస్తే వంటింట్లో ఏది పనికొస్తుందో, ఏది ముప్పు తెస్తుందో మనమే తేల్చుకోవచ్చు.

పురుగుల్ని తినే మొక్కలు నత్రజని, భాస్వరం బాగా తక్కువగా ఉండే నేలల్లో పెరుగుతాయి. మన దేశంలో సహజంగా దొరికే ఏకైక నెపెంథిస్ జాతి, నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయ కొండలది. ఆకు చివర వేలాడే కూజాలో పురుగును జీర్ణం చేసుకుని అది ఆ కొరత తీర్చుకుంటుంది. ఇలాంటి మొక్కల వేళ్లు లవణాలను తట్టుకోలేవు. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఈ మొక్కలు పెంచేవాళ్లు మాత్రం 50 దాటనివ్వరు. మన బోరు నీళ్లు పట్టిన బకెట్ లోపలి అంచును వేలితో గీకి చూడండి, తెల్లటి పొర గోటికి అంటుతుంది. అదే కుండీలోనూ పేరుకుంటుంది.

ఇక వేళ్ల సంగతి. కొమ్మ చిగుర్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి, కోసిన చోట పోగవుతుంది. అక్కడి కణాలు విభజన చెంది వేళ్లుగా మారతాయి. 1928లో ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకలతో ప్రయోగాలు చేసి ఈ పదార్థం ఉనికిని నిరూపించాడు. షాపుల్లో దొరికే రూటింగ్ పౌడర్లలో చాలావాటిలో ఉండేది ఈ కోవకే చెందిన ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం.

తేనెగానీ దాల్చినచెక్కగానీ ఆ పని చెయ్యవు. అవి చేసేది గాయాన్ని కాపాడటం. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ బూజును అడ్డుకుంటుంది, అయితే కోసిన చోట చిటికెడు పొడి అద్దితే చాలు, మందంగా పూస్తే కొమ్మ ఎండిపోతుంది. చిక్కటి తేనెలో సూక్ష్మజీవులు బతకలేవు కానీ, నీళ్లు కలిసి పలచబడితే ఆ తీపికి బూజూ వస్తుంది, చీమలూ వస్తాయి. నా ఓటు దాల్చినచెక్కకే.

కొబ్బరినీళ్ల మీద మనకున్న నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1941లోనే ప్రయోగశాలలో ఉమ్మెత్త పిండాలను పెంచడానికి వాటిని వాడారు. అయితే కొబ్బరినీళ్లలోని సైటోకైనిన్లు అనే హార్మోన్లు ప్రధానంగా చిగుళ్లకు ఊతమిస్తాయి, వేళ్లకు కాదు. పైగా లీటరు కొబ్బరినీళ్లలో పొటాషియమే సుమారు 2 గ్రాములు. పైన చెప్పిన 50 మిల్లీగ్రాములతో పోల్చి చూడండి!

మనకు దొరికే సహజ పదార్థాల్లో ఈ మొక్కకు అన్నిటికన్నా మేలు చేసేది వాననీరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో కురిసే ఈశాన్య రుతుపవన వాన అందుకు చక్కగా సరిపోతుంది. సిమెంటు మిద్దె మీది నుంచి జారిన నీటిలో సున్నం కరుగుతుంది కాబట్టి, ఆరుబయట ప్లాస్టిక్ టబ్ పెట్టి పట్టుకోండి. దోమలు చేరకుండా మూత వేసి దాచుకుంటే వేసవికి పనికొస్తుంది.

కొమ్మను నాటడానికీ ఆ నెలలే మంచివి, ఎండా తక్కువ, గాలిలో తేమా ఎక్కువ. రెండు మూడు కణుపులున్న ముక్క తీసుకుని, కింది కణుపుకు కాస్త కింద పదునైన శుభ్రమైన బ్లేడుతో కోయాలి. ఆకుల్ని సగానికి కత్తిరిస్తే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. తడిపిన స్ఫాగ్నమ్ నాచులో గుచ్చి, పైన పారదర్శకమైన కవరు కప్పి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వాడితే ఉప్పు పోయేదాకా వాననీటితో పలుమార్లు కడగాలి.

కొత్త చిగురు కనబడగానే వేళ్లు వచ్చేశాయని కుండీ మార్చకండి, కొమ్మలో నిల్వ ఉన్న ఆహారంతోనే చిగురు వస్తుంది. నెలా రెండు నెలలు ఆగి, మెల్లగా లాగితే పట్టు తెలియాలి. నెపెంథిస్ వేళ్లు పుట్టుకతోనే సన్నగా, నల్లగా, పెళుసుగా ఉంటాయి. నల్లగా ఉన్నాయని, కుళ్లాయేమోనని కోసెయ్యకండి.