లోలకం మీద పెన్నీ

"లోలకం ఊగే కాలానికి గుండు బరువుతో సంబంధం లేదని మా సార్ చెప్పారు. మరి లండన్‌లో బిగ్‌బెన్ గడియారాన్ని లోలకం మీద నాణేలు పెట్టి సరిచేస్తారట. రెండూ ఎలా నిజమవుతాయి?" హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి అడిగింది. క్లాసులో అడిగి ఉంటే మెప్పు దొరికేదో, తిట్లు పడేవో గానీ నాకు మాత్రం పండగే.

రెండూ నిజమే. 1859 మే 31న నడవడం మొదలుపెట్టిన ఆ గడియారానికి 4.4 మీటర్ల పొడవు, 310 కిలోల బరువున్న లోలకం ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకి 2 సెకన్లు. దాని మీద పాత పెన్నీల దొంతర ఒకటి ఉంటుంది. గడియారం వెనకబడితే ఒక పెన్నీ పెడతారు, ముందుకు పోతే ఒకటి తీస్తారు. ఒక్క పెన్నీకి రోజుకి 0.4 సెకను తేడా!

అట్లతద్ది ఉయ్యాల ఎక్కినవాళ్లకి దీని రహస్యం ఒంటికి తెలుసు. కూర్చుని ఊగేటప్పటికన్నా నిలబడితే ఉయ్యాల త్వరత్వరగా వచ్చి పోతుంది. మనిషి బరువు పెరగలేదు, పైకి జరిగిందంతే. ఇప్పుడు అక్క కింద కూర్చునే ఉంది, తాడు సగం ఎత్తులో తమ్ముడు వేలాడుతున్నాడు అనుకోండి. వాడొక్కడే అయితే సగం తాడుతో గబగబా ఊగేవాడు. అక్కది నిదానం. ఇద్దరూ ఒకే తాడుకి చిక్కారు కాబట్టి వాడి తొందర ఆమెకి కాస్త అంటుకుంటుంది. ఎంత అంటుకుంటుందన్నది వాడి బరువు ఆమె బరువులో ఎన్నో వంతన్న దాన్నిబట్టి. వాణ్ణి దించి అక్క ఒళ్లో కూర్చోబెడితే తేడా మాయం. సార్ చెప్పిన పాఠం ఇక్కడ నిజం. పైన దూలం దగ్గరికి ఎక్కిస్తే వాడు ఊగడు, అప్పుడూ తేడా ఉండదు. సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే వాడి ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ. లోలకం గుండుకి పైన పెట్టే పెన్నీ ఆ తమ్ముడి లాంటిదే. పాఠంలో గుండు ఒక చుక్క, దారానికి బరువే లేదు. ఆ మాట నొక్కి చెప్పకుండా సూత్రం బట్టీ పట్టించడం వల్లే ఈ తికమక.

కొంచెం లెక్క. 86,400 సెకన్లలో 0.4 అంటే పది లక్షల్లో నాలుగున్నర పాళ్లు. కాలం పొడవు వర్గమూలాన్నిబట్టి మారుతుంది కనక పొడవులో అది తొమ్మిది పాళ్లు. ఊగే కాలానికి లెక్కకొచ్చే పొడవు దాదాపు 4 మీటర్లు. అందులో తొమ్మిది పాళ్లంటే 0.037 మిల్లీమీటరు, వెంట్రుక మందంలో సగం! లోలకాన్ని ఆపకుండా ఇంత సన్నటి సవరణ చెయ్యడానికి 9.4 గ్రాముల నాణెం చాలు.

అలాంటి గడియారాన్ని 2017 తర్వాత వెయ్యికి పైగా ముక్కలుగా విప్పి, ఉత్తర ఇంగ్లండ్‌లో కంబ్రియా అనే చోట వర్క్‌షాపులో బాగుచేసి, 2022 నాటికి మళ్లీ నడిపించారు. (మన ఇళ్లలో గడియారం ఆగితే అరిష్టమని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాం. ఎన్ని మంచి గోడగడియారాలు అలా పోయాయో!) పాత యంత్రాల మరమ్మతులో ఇరుసు తిరిగే రంధ్రం అరిగి కోలగా అయితే గుండ్రంగా తొలిచి బుష్ (చిన్న లోహపు గొట్టం) దిగ్గొడతారు. ఆకురాయి మాత్రం ఆచితూచి పట్టాలి. చక్రం పంటిని నునుపు కోసం రుద్దితే పక్క చక్రంతో అది కలిసే తీరే మారిపోతుంది.

ఈ గడియారంలో అసలు ముట్టుకోవాలంటే భయం వేసే చోటు ఎస్కేప్‌మెంట్, అంటే చక్రాల తోపుని లోలకానికి కొద్దికొద్దిగా అందించే భాగం. బయట 4.2 మీటర్ల నిమిషాల ముల్లు. దాన్ని గాలి తోస్తుంది, మంచు బరువెక్కిస్తుంది. ఆ ఒడుదొడుకులు చక్రాల గుండా లోలకందాకా వస్తే టైము తప్పుతుంది. ఎడ్మండ్ డెనిసన్ అనే లాయరు దీనికో ఉపాయం కనిపెట్టాడు. చక్రాలు లోలకాన్ని నేరుగా తోయవు, రెండు చిన్న చేతుల్ని ఒక ఎత్తుకి లేపి వదిలేస్తాయి. ఆ చేతులు తమ బరువుతో దిగుతూ లోలకాన్ని తోస్తాయి. మానికలో బియ్యం ఎవరు ఎంత జోరుగా పోసినా అంచుకి చదును చేస్తే కొలత ఒకటే కదా, అలాగన్నమాట. మరమ్మతులో ఆ చేతుల బరువు తగ్గితే మానికే చిన్నదైపోతుంది.

చేతికి అందని జబ్బులూ ఉంటాయి. 1976 ఆగస్టు 5 తెల్లవారుజామున గంటలు మోగించే భాగంలో ఒక ఇరుసు లోహపు అలసటతో విరిగింది. టన్నుకు పైగా ఉన్న బరువు అదుపు తప్పి కిందికి దూకింది, యంత్రం ముక్కలై గదంతా ఎగిరింది.

ఆ అమ్మాయికి నేను చెప్పిన ప్రయోగం ఇది. మీటరు దారానికి 100 గ్రాముల నట్టు కట్టి వంద ఊగులు (వెళ్లి తిరిగొస్తే ఒకటి) ఎంతసేపట్లో అవుతాయో లెక్కపెట్టు. తర్వాత దారం మధ్యలో 10 గ్రాముల నట్టు బిగించి మళ్లీ లెక్కపెట్టు. రెండు సెకన్లకు పైగా ముందే వంద అయిపోవాలి. ఆ చిన్న నట్టుని జార్చి పెద్దదాని పక్కకి చేర్చు. ఇప్పుడు సార్‌ని పిలు.